మంచం కోడుకు కట్టిన పట్టా

తొలకరి జల్లు పడితే చాలు, మల్కాజ్‌గిరిలో మా ఫ్లాటు బాల్కనీ నుంచి ఒక వాసన ఇంట్లోకి వస్తుంది. తడిసిన పాత పట్టుగుడ్డ, బట్టల సబ్బు, ఎప్పటివో కలరా ఉండలు కలగలిసిన వాసన అది. మా ఆయన ముక్కు మూసుకుని, దీన్ని ఇంకా పారేయలేదా అన్నట్టు నావైపు చూస్తాడు. నేను చూడనట్టే దాన్ని జల్లు పడని మూలకు జరుపుతాను. అది మా అమ్మమ్మ గుడ్డ పేలికలతో అల్లిన కాళ్ల పట్టా. పేరుకు కాళ్ల పట్టాయే గాని, దానిమీద ఇంతవరకు ఎవరినీ కాళ్లు తుడుచుకోనివ్వలేదు.

అమ్మమ్మ వాళ్లది మౌలాలి. గూడ్సు బండి గార్డుగా రిటైరైన తాతయ్య, కూత వినపడకపోతే నిద్ర పట్టదని రైలు లైనుకు దగ్గరలోనే ఇల్లు కట్టుకున్నాడు. ఎండాకాలం సెలవుల్లో మేము వెళ్లేసరికి గుట్ట మీది రాళ్లు సెగలు కక్కుతుండేవి, ఇంట్లో మాత్రం కుండనీళ్ల చల్లదనం, మామిడి తాండ్ర పుల్లదనం, కిటికీకి కట్టిన వట్టివేళ్ల తడిక పరిమళం. భోజనాలయ్యాక అమ్మమ్మ వరండాలో చాప పరిచి పాత బట్టల మూట విప్పేది. వెలిసిన నూలు చీరలు, రైలింజన్ల షెడ్డులో పనిచేసే మామయ్య ఖాకీ ప్యాంట్లు, మా పొట్టి గౌన్లు, మోకాళ్ల దగ్గర చిరిగిన జీన్సు అన్నీ అందులోంచి బయటపడేవి. అంచు దగ్గర కత్తెరతో చిన్న గాటు పెట్టి ఒక కొస తను, ఒక కొస మేము పట్టుకుని లాగితే పర్రుమని చిరిగి, నూలుదుమ్ము ఎండలో తేలి, అందరం తుమ్మేవాళ్లం.

పేలికకు పేలిక కలపాలంటే ముడి వేయకూడదు. రెండింటి కొసల్లో చీలికలు చేసి ఒకదాంట్లోంచి ఒకటి తీయాలి. నేను బద్ధకించి ముడి వేస్తే అమ్మమ్మ చూడకుండానే వేళ్లతో కనిపెట్టేది.

"ముడి ఏస్తే అరికాలికి గుచ్చుతది బిడ్డా. విప్పు" అనేది.

ఆ అరికాలు తాతయ్యది. నీటికాసులు వచ్చి ఆయన చూపు మెల్లమెల్లగా పూర్తిగా పోయింది. చెయ్యి పట్టుకుంటామంటే కోపం. ఎన్ని బండ్లు నడిపించినోడిని, నన్ను మీరు నడిపిస్తరా అని విదిలించుకునేవాడు. అందుకని అమ్మమ్మ ఇంటినంతా ఆయన పాదాలకు అర్థమయ్యేలా అల్లింది. మంచం పక్కన మెత్తటి నూలు చీరల పట్టా, స్నానాలగది ముందు తువ్వాళ్లది, వంటింటి గడప దగ్గర గరుకు జీన్సుది, వరండా మెట్ల అంచున మందపాటి ఖాకీది. తాతయ్య పాత జెండా కర్రనే కొక్కెంగా చెక్కించుకుని, నడుమ చిన్న చుట్టుతో మొదలుపెట్టి, చుట్టుచుట్టుకూ కుట్లు పెంచుకుంటూ పోయేది. పెంచడం మరిస్తే పట్టా గిన్నెలా లేస్తుంది, ఎక్కువైతే ఫ్రాకు కుచ్చిళ్లలా అలలు తిరుగుతుంది. ఆమెవి నేలకు అతుక్కున్నట్టు ఉండేవి. మేము కళ్లకు గంతలు కట్టుకుని, కాలితో తడిమి ఎక్కడున్నామో చెప్పే ఆట ఆడేవాళ్లం. ఆ ఆటలో తాతయ్యను ఎవరూ గెలవలేదు. సాయంత్రాలు ఆయన ఒక్కడే వరండాలోకి వచ్చి నిలబడి, వెళ్లే బండి చప్పుడు విని, వ్యాగన్లు ఖాళీవో లోడువో చెప్పేవాడు. ఆ వేళ ఆయన ముఖం చూసి తీరాలి.

ఒక క్రిస్మస్‌కు ఇంటికి సున్నాలు వేశారు. గులాబీ పువ్వుల పిండివంట వేగుతున్న నూనె వాసన, గుమ్మానికి వేలాడే కాగితపు నక్షత్రం, క్యారల్సుకు వచ్చే చర్చివాళ్ల కోసం హడావుడి. మామయ్యను పెళ్లి చేసుకుని ఆ ఏడే కాపురానికి వచ్చిన అత్తయ్య, పట్టాలన్నీ ఉతికి ఆరేసి, రంగురంగుల చీరల పట్టాను నలుగురూ చూసేలా వరండా అంచున వేసి, ఖాకీదాన్ని మంచం పక్కకు నెట్టింది. కళ్లున్న ఎవరైనా అదే చేస్తారు. తాతయ్య స్నానం చేసి వస్తూ దారి కాస్త తప్పాడు. పాదానికి మెత్తటి చీరలు తగిలాయి. మంచం వచ్చిందనుకుని వెనక్కి కూర్చోబోయి మెట్ల మీద పడ్డాడు.

ఎముకలు విరగలేదు. కానీ ఆయన ధైర్యం విరిగింది. "ఇంక నా డ్యూటీ అయిపోయింది" అని మంచం మీద కూర్చుండిపోయాడు. బండ్లు పోతున్నా చెవి ఒగ్గలేదు. చెయ్యి అందిస్తే విదిలించకుండా పట్టుకున్నాడు, మా అందరికీ భయం వేసింది అందుకే.

అత్తయ్య వంటింట్లో ముఖం దాచుకుని, "అందంగ ఉంటదని మార్చిన అత్తమ్మా, నాకు తెల్వదు" అని ఏడ్చింది. అమ్మమ్మ లోపలికి వెళ్లింది. ట్రంకుపెట్టె అడుగు నుంచి తెల్లపట్టు చీర తీసింది. ఆమె పెళ్లినాడు చర్చిలో కట్టుకున్నది, మేము ముట్టుకుంటే కసిరేది. అంచున గాటు పెట్టి ఒక కొస అత్తయ్యకు ఇచ్చింది.

"ఏడ్సుడు తర్వాత. ముందు గిది గట్టిగ పట్టుకో."

ఆ పట్టు చిరిగిన చప్పుడు మా ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు. అల్లిక పూర్తయ్యాక ఆ పట్టాకు ఒక నాడా అల్లి, ఎవరూ కదపకుండా మంచం కోడుకు కట్టేసింది. ఖాకీదాన్ని వరండా స్తంభానికి కట్టింది. వచ్చి తాతయ్య పక్కన నిలబడింది.

తాతయ్య కాళ్లు కిందికి దించి ఆగిపోయాడు. పాదంతో అటూ ఇటూ చాలాసేపు తడిమాడు.

"గిది నీ పెండ్లి చీర గదనే. ఎందుకు చింపినవ్?"

"పెట్టెల ఉంటే మీకు కనవడ్తదా?" అంది అమ్మమ్మ.

ఆ సాయంత్రం తాతయ్య గోడ పట్టుకుని, తర్వాత గోడ వదిలేసి, ఖాకీ మీదికి వచ్చి నిలబడ్డాడు. లోడు బండి అన్నాడు. అమ్మమ్మంత తెలివైన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇద్దరూ పోయారు. ఆ ఇంటి చోట అపార్ట్‌మెంటు లేచింది. ఇప్పటి బట్టలు లాగితే సాగుతాయి గాని చిరగవు, పట్టాలు ఆన్‌లైన్లో వస్తాయి. వాన వెలిశాక, నాకు మిగిలిన ఆ పట్టుచీర పట్టాను ఆరబెట్టి, నా మంచం పక్కన వేసుకుని, కళ్లు మూసుకుని పాదం ఆనిస్తాను. టీ రంగుకు తిరిగినా ఇంకా నున్నగానే ఉంది. నాడా కూడా ఉంది, గట్టిగా ఉంది. కట్టడానికే లేదు, నేలకు ఆనివుండే మా పెట్టె మంచానికి కోళ్లు లేవు.