ఎస్తేరమ్మ టీచరు పెట్టిన పరీక్ష

చలికాలం వస్తే నా మడమల్లో పగుళ్ళు విచ్చుకుంటాయి. కోడలు వ్యాజిలీన్ డబ్బా మూత తీసి పక్కన పెడుతుంది. ఆ వాసన తగలగానే నాకు నంద్యాల గుర్తుకు వస్తుంది, ఎస్తేరమ్మ టీచరు గుర్తుకు వస్తుంది. పోయినవాళ్ళను తలచుకుంటే మనసు మెత్తబడుతుందంటారు. నాకు మెత్తబడలేదు.

నంద్యాలలో ఒక కంటి ఆసుపత్రిలో ఆయాగా ఉండేదాన్ని. ముప్పై దాటాక చర్చి వరండాలో కూర్చొని అక్షరాలు దిద్దాను. డెబ్బైల దశకం చివర్లో ఆ ఆసుపత్రివాళ్ళు కొత్త పని మొదలుపెట్టారు. ఆపరేషన్లతో బాగుపడని మసక చూపువాళ్ళ ఇళ్ళకు పోయి, ఉన్న కాస్త చూపుతోనే వంట, నడక, ఇంటిపని నేర్పాలి. మాకు తర్ఫీదు ఇవ్వడానికి వచ్చినామె ఎస్తేరమ్మ. చదువుకున్న ఆడపిల్లలు పల్లెలు తిరగలేమన్నారు. నన్ను పిలిచి "చదవడం వస్తాదా?" అని అడిగింది. కూడబలుక్కుంటానన్నాను. "సాలు. కూడబలుక్కునేవాళ్ళకు ఓపికుంటాది. ఈ పనికి అదే కావాల" అంది. ఆయాను అంతకు ముందు ఎవరూ అలా లెక్కలోకి తీసుకోలేదు. ఆ మాట నన్ను నిలబెట్టింది, కాదనను.

మొదటి పాఠం మార్కెట్లో. పాత కళ్ళద్దాలకు వ్యాజిలీన్ దట్టంగా పూసి నా ముక్కు మీద పెట్టి, కూరగాయలు తెమ్మని పంపింది. లోకమంతా మజ్జిగలో మునిగినట్టు అయిపోయింది. నేల ఏదో, గంప ఏదో తెలియక ఒకామె వంకాయల్లో కాలు పెట్టాను. "అద్దాలు పెట్టుకోని గూడా కనపడల్యా? కండ్లు యాడ పెట్టుకోని నడుస్తాండావ్ మ్మే?" అని ఆమె దులిపేసింది. టీచరు వెనకే వస్తోంది. నన్ను ఆదుకోలేదు. తిరిగి వచ్చాక అద్దాలు తీసి తుడుస్తూ అంది: "పూర్తిగా చూపు లేనోళ్ళకు జనం దారిస్తారు. సగం చూపోళ్ళను తిడతారు. ఇది మనసులో పెట్టుకో." నేను పెట్టుకున్నాను. మరిచిపోయింది ఆమే.

తర్ఫీదు అయ్యాక నన్ను ఆళ్ళగడ్డ దగ్గరి ఒక పల్లెకు పంపారు. రైతుల ఇంటి కోడలు లక్ష్మీదేవి. పుట్టుకతోనే చూపు తక్కువ. నీడపట్టున దగ్గరివి మసకగా కనపడతాయి. ఎండలోకి పోతే అంతా తెల్లగా అయిపోయి ఏమీ కనపడదు. అత్త ఆమెను పొయ్యి దగ్గరకు రానివ్వదు. వేళకు కంచం తెచ్చి చేతికిస్తుంది, ఇస్తూ నాలుగు మాటలంటుంది. ఆమెను పుట్టింటికి పంపేసి, పనిచేసే పిల్లను తెచ్చుకోవాలని ఇంట్లో మాట నడుస్తోంది. లక్ష్మీదేవికి ఆ సంగతి తెలుసు. "అక్కా, ఈ ఇంట్లో నిలబడే మాదిరి ఏదన్నా ఒక పని నేర్పు. పుట్టింట్లో మా అమ్మకే గతిలేదు" అంది.

అత్తను ఒప్పించి రొట్టెతో మొదలుపెట్టాను. తెల్లజొన్న పిండి, నల్ల బండ, నల్ల పెనం. తెలుపు నలుపు మీద పడితే రొట్టె అంచు ఆమెకు అందుతుంది. పొయ్యి గట్టుకు సున్నంతో పట్టీ గీశాను. వేళ్ళు కాలాయి, పిండి విరిగింది, ఏడ్చింది, మళ్ళీ కూర్చుంది. ఒకరోజు రొట్టె నిండు గుండ్రంగా వచ్చింది. దాన్ని చేతిలో పెట్టుకొని చాలాసేపు తినలేదు.

ఈ సంగతి చెబితే ఎస్తేరమ్మ టీచరు స్వయంగా వచ్చింది. వచ్చీ రాగానే "వీధిలోవాళ్ళను పిల్చుకోని రా" అంది.

"వద్దు టీచరమ్మా. ఇంట్లోవాళ్ళు చూస్తే సాలు."

"నలుగురు చూస్తేనే నమ్ముతారు. నాకు నేర్పుతాండావా నువ్వు?"

వసారా నిండింది. లక్ష్మీదేవి నీడలో కూర్చొని రొట్టె తట్టి, కాల్చి దించింది. "మా ఇంటిదానికి రెండు కండ్లుండాయి గానీ ఇంత గుండ్రంగా రాదప్పా" అన్నాడొకాయన. అందరూ నవ్వారు. టీచరుకు అది చాలలేదు. ఎండుమిరపకాయ తీసి ఆమె ముందర పట్టుకొని ఇదేందని అడిగింది. "మిరపకాయ" అంది లక్ష్మీదేవి. జనం చప్పట్లు కొట్టారు. అత్త కొట్టలేదు.

"అయితే ఇన్నినాళ్ళూ కనపడతానే ఉన్నింది. కూసున్న కాడికి కంచం తెప్పించుకోని తిన్యాది" అంది అత్త.

"అట్లగాదమ్మా, నీడలో వేరే, ఎండలో వేరే" అని టీచరు మొదలుపెట్టింది. వినడానికి అప్పటికి ఎవరూ లేరు. తమాషా అయిపోయింది, ఎవరి పనికి వాళ్ళు లేచారు.

శనగ పీకే రోజులు వచ్చాయి. మిట్టమధ్యాహ్నం అత్త రొట్టెల గంప నెత్తిన పెట్టి ఆమెను చేనికి పంపింది. ఎండలో కనపడదు, పోలేనంటే అత్త వినలేదట. పంటకాలువలో పడింది. కూలోళ్ళ రొట్టెలన్నీ బురదపాలయ్యాయి. "మిరపకాయ కనపడినదానికి కాలవ కనపడల్యా? పని ఎగ్గొట్టేదానికి నాటకాలు" అన్నారు ఇంట్లోవాళ్ళు. చప్పట్లు కొట్టినవాళ్ళే సాక్ష్యం చెప్పారు. మొగుడు అడ్డుపడలేదు, పుట్టింటికి పంపేశారు. కోయిలకుంట్ల బస్సు ఎక్కేటప్పుడు లక్ష్మీదేవి నాతో అంది: "గుడ్డిదంటే ఓర్చుకుంటి అక్కా. ఇప్పుడు దొంగనయి పోతాండా."

నంద్యాల పోయి జరిగింది చెప్పి, అందరి ముందూ ఎందుకు చేయించారని టీచరును అడిగాను. ఆమె తలెత్తలేదు. "రొట్టె చేసిందా లేదా? మన పని నేర్పేది. సంసారాలు నిలబెట్టేది మన పని గాదు." తర్వాత ఆసుపత్రికి ఎవరో పెద్దలు వస్తే, ఆ రొట్టె కథ, ఆ మిరపకాయ కథ నా ముందే చెప్పింది. బస్సు సంగతి చెప్పలేదు.

నేను పని మానలేదు. చాలా ఇళ్ళు తిరిగాను, చాలామందికి నేర్పాను. ఒకసారి ఉయ్యాలవాడ దగ్గర ఒక ముసలాయనకు నేర్పుతుంటే టీచరు తనిఖీకి వచ్చి తలుపు తట్టింది. పాఠం అయ్యేదాకా తీయలేదు. తీసేసరికి ఆమె చెమటతో నిలబడి ఉంది.

"తలుపెందుకు ఏసినావ్ మ్మే?"

"మీరొస్తారనే, టీచరమ్మా."

ఆమె నా ముఖం చూసి, లోపలికి రాకుండా బస్సు రోడ్డు వైపు తిరిగింది. పిలిస్తే ఆగేదేమో. పిలవలేదు.

నేను తిన్న కూడు ఆమె నేర్పిన పనితో సంపాదించిందే. అది తెలిసినంత మాత్రాన కోపం పోదు. ఇప్పటికీ ఇంటికి చుట్టాలొస్తే పిల్లలను నిలబెట్టి "వచ్చింది చేసి చూపించు" అంటారు. నేను లేచి పోయి వీధి తలుపు గడియ పెడతాను. ముసలిదానికి చాదస్తమని కోడలు విసుక్కుంటుంది. విసుక్కోనీ.