వారానికి మూడు సీసాల నీళ్లు

చిట్కుల్ దాటి పొలాల వెంట నడిస్తే వచ్చే వాగులో నర్సింహమ్మ పదిహేనేళ్లకు పైగా బట్టలుతికింది. 1961లో కొత్తకోడలిగా వచ్చిన మర్నాడే, బావ భార్య మొగులమ్మ ఆమె నెత్తిన మూటపెట్టి రేవుకు తీసుకుపోయింది. తన బండ పక్కనే ఇంకో బండ చూపించి, "ఇది నీది" అంది. ఆ రెండు బండల మధ్య వాళ్లు మాట్లాడుకోని ముచ్చట లేదు. వాళ్ల మొగుళ్లు, అన్నదమ్ములిద్దరికీ మాటలు లేని రోజుల్లో కూడా ఏరాళ్లిద్దరూ రేవులో ఒకే సద్ది విప్పుకొని తిన్నారు.

డెబ్బై ఐదు తర్వాత వాగు పైభాగాన ఫ్యాక్టరీలు లేచాయి. నర్సింహమ్మ భర్త సంగప్పకు ఒకదాంట్లో గేటు దగ్గర పని దొరికింది. ఇంట్లో అందరూ సంతోషించారు. ఏడాది తిరిగేసరికి వాగు మీద నురుగు తేలడం మొదలైంది. తెల్ల పంచెలు ఉతికితే పచ్చబడేవి. చేతుల మీద చర్మం పొరలు పొరలుగా ఊడేది. బట్టలు బాగా లేవని జనం తిప్పి పంపసాగారు.

మొగులమ్మ మొగుడు ఇక లాభం లేదనుకొని పట్నంలో మంగళ్‌హాట్‌లో ఒక లాండ్రీలో పనికి కుదిరాడు. బయలుదేరే ముందు మొగులమ్మ ఒక్కతే రేవుకు వచ్చి, తన బండ మీద కాసేపు కూర్చుంది.

"నీళ్లు తేటగైతే కబురు చెయ్యి చెల్లె. ఆయన రాకున్నా నేనొస్త."

"ఐతయక్కా. ఎన్నొద్దులుంటది ఈ పాడు నురుగు?"

ఆ చలికాలంలోనే వెంకటరామయ్య వచ్చాడు. పట్నంలోని ఒక సర్కారు ఆఫీసు మనిషి. హైదరాబాదును ఇటువైపు పెంచేందుకు వేసిన ప్లాను వల్ల ఇక్కడి నీళ్లకూ నేలకూ ఏమవుతోందో చూసి రాయడం ఆయన ఉద్యోగం. వారం వారం వాగు నీళ్లు పట్టి ఉంచడానికి ఊళ్లో ఎవరైనా కావాలన్నాడు. రోజూ రేవులో ఉండేది తనే కదా అని నర్సింహమ్మ ఒప్పుకుంది.

ఫ్యాక్టరీ కాలువ వచ్చి కలిసే చోటికి పైన ఒక సీసా, రేవు దగ్గర ఒకటి, కింద మడుగులో ఒకటి. అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి, గాలి మిగలకుండా నింపి బిరడా పెట్టాలి. ఆమెకు చదువు రాదు గనుక మూడింటి మెడలకూ మూడు రంగుల దారాలు కట్టుకుంది. నెలకోసారి వెంకటరామయ్య బస్సు దిగి వచ్చి, ఖాళీ సీసాలు ఇచ్చి నిండినవి పట్టుకుపోయేవాడు.

నాలుగో నెలలో ఆమె మూడు గుడ్డపేలికలు తెచ్చి ఆయన ముందు పరిచింది.

"పాత పంచె చింపి మూడు తావుల ఒక్క పూట నానేసిన సారూ. సీసల చూస్తే మీకు ఏం తెలుస్తదో గని, నాకైతే బట్టల తెలుస్తది."

మొదటిది తెల్లగా ఉంది. రెండోది పసుపు. మూడోది తుప్పురంగు తిరిగి, పట్టి లాగితే పీలికలైంది. ఆయన కళ్లజోడు పైకి తోసి చాలాసేపు చూశాడు.

"ఇవి కూడా ఫైల్లో పెడతానమ్మా."

"పెడితే వాగు ఎప్పటి లెక్కనే అయితదా?"

"రాస్తాను. రాయడం వరకే నా పని." ఆ మాట ఆమె ముఖం చూసి అనలేకపోయాడు.

ఊళ్లో బోరు వేశారు. బట్టలుతికేవాళ్లు బోరు దగ్గరికే చేరారు. రేవుకు వచ్చేది నర్సింహమ్మ ఒక్కతే. సీసా నింపి ఎండకేసి ఎత్తి చూసేది. మసక కాస్త తగ్గినట్టుంటే మళ్లీ తిప్పి చూసేది. ఒక వానాకాలం వరద వచ్చి నురుగంతా కొట్టుకుపోయింది. రెండు రోజులు రాళ్లు కనబడేంత తేటగా పారాయి నీళ్లు. ఎవరితో కబురు పంపుదామా అని మంగళ్‌హాట్ వెళ్లేవాళ్ల కోసం వాకబు చేసింది. మూడో రోజు పొద్దున వాసన ఇంటి దాకా వచ్చింది. రేవుకు పోయి, పక్క బండ వైపు తిరిగి "చూసినవా అక్కా" అనబోయి, అక్కడ ఎవరూ లేరని గుర్తొచ్చి సీసా నీళ్లలో ముంచింది.

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో వెంకటరామయ్య రావడం ఆగిపోయింది. అయినా ఆమె నింపడం మానలేదు. ఖాళీ సీసాలు అయిపోయాక, ఒకనాడు నిండినవి సంచీలో పట్టినన్ని సర్దుకొని పట్నం బస్సెక్కింది.

ఆఫీసులో గుమాస్తా తలెత్తి చూశాడు. "ఆ సారు బదిలీ అయి పోయిండమ్మా. మీ దిక్కు పని అయిపోయింది. రిపోర్టు పైకి పంపిన్రు."

"పైకంటే యాడికి?"

"పైకంటే పైకే."

"మరి ఈ నీళ్లు?"

"గా మూలకు పెట్టిపో."

ఆమె వంగి, కాలువ పైది, రేవుది, మడుగుది అని వరసగా గోడవారన పెట్టింది. బయటికొచ్చి దారి అడుగుతూ మంగళ్‌హాట్ చేరింది.

సన్నటి గల్లీలో సిమెంటు తొట్టి ముందు మొగులమ్మ నిలబడి ఉంది. బాగా చిక్కిపోయింది. నర్సింహమ్మను చూడగానే చేతిలోది వదిలేసి వచ్చి, తడిచేతులతోనే ఆమె చెంపలు పట్టుకుంది. జొన్నరొట్టె పెట్టి, ఎదురుగా కూర్చుని తినేదాకా చూసింది. అప్పుడు అడిగింది.

"నీళ్లు తేటవడ్డయా?"

బస్సులో నర్సింహమ్మ ఈ ప్రశ్నకే జవాబు వెతుక్కుంటూ వచ్చింది. జెర నయమని చెప్పాలనుకుంది.

"లేదక్కా."

మొగులమ్మ తలూపింది. లేచి తొట్టిలోంచి పెద్ద దుప్పటి తీసి, ఒక కొస నర్సింహమ్మకు అందించింది. ఇద్దరూ చెరో వైపు నిలబడి మెలిపెట్టారు. నీళ్లు ధారగా గచ్చు మీద పడ్డాయి.

"ఇంక మూడు మూటలున్నయి," అంది మొగులమ్మ. "రేపు పోదువు గని. సంగప్పకు ఎవరితోనన్న కబురు పంపుదాం."

నర్సింహమ్మ కొంగు నడుముకు చెక్కుకొని ఒక మూట విప్పింది.