అల్లుణ్ణి గుర్తుపట్టిన రాహేలమ్మ

మైదుకూరు దారిలోని కుందేళ్ల ఫారంలో ఒక్క పిల్ల పుట్టాలన్నా దేవుడు ముందు మా అవ్వ రాహేలమ్మను అడగాల్సిందే. ఈ మాట పాస్టరు చెవిన పడకపోతే చాలు. అవ్వ చదివింది మూడో తరగతి, అదీ మూడు సార్లు. ఇరవై ఏళ్లుగా ఆ ఫారంలో రోజుకూలికి మేత వేస్తోంది.

అక్కడి డాక్టరు శ్రావణి. తెల్ల కుందేలు కడుపులోని పిండాలు తీసి నల్ల కుందేలు కడుపులో పెట్టి బతికించాలని ఆమె పట్టుదల. దానికి ముందు కడుపొచ్చిందని నల్లదాని ఒంటిని నమ్మించాలి. అందుకని కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసిన తెల్ల పోతును దాంతో కలుపుతారు. హడావిడంతా ఉంటుంది, ఫలం మాత్రం ఉండదు. అవ్వ దానికి అల్లుడని పేరు పెట్టింది. పక్క బోనులో ఆపరేషన్ కాని పోతు. అదీ తెలుపే, అచ్చం కవల.

ఏప్రిల్ ఎండలకు అవ్వ బోన్ల మీద తడి గోనెపట్టాలు కప్పింది. ఏది ఏ పోతో రాసి బోన్లకు కట్టిన చీటీల మీది రాతలు ఆ తడికి కారిపోయాయి. అయినా ఒక పోతును పట్టుకుని నల్లదాని దగ్గర వదిలింది. మూడు రోజులకు ఎనిమిది పిండాలు పెట్టాక గాని డాక్టరమ్మ ఆ చీటీలు చూడలేదు.

"ఏ పోతును వదిలినావు రాహేలమ్మా?"

"అల్లున్నే మేడం."

"చీటీ లేకుండా ఎట్ల తెలిసె?"

"నలభై ఏండ్లుగా అల్లుళ్లను జూస్తాండా."

"నల్లదానికి సొంతంగా కలిగితే, తండ్రి తెలుపైనా నల్లపిల్లలే. అవి పుట్టినాయంటే నువ్వు పోతును మార్చినట్టే. ఇంక పనికి రావద్దు."

ఎండ దెబ్బకు పిండాలు కడుపులోనే కరిగిపోతాయి. అసలేమీ పుట్టకపోతే అవ్వ మాటకు సాక్ష్యమే ఉండదు. అందుకని నెల రోజులు, ఆదివారం ఆరాధన కూడా ఎగ్గొట్టి, గంటకోసారి పట్టాలు తడిపింది. ఇంట్లో కూలర్‌లో నీళ్లు పొయ్యమంటే మాత్రం ఆమెకు నడుం నొప్పి.

నెల దగ్గరపడగానే నల్లది రొమ్ము మీది బొచ్చు పీకి గూడు కట్టుకుంది. మర్నాడు డాక్టరమ్మ ఆ బొచ్చు తప్పించి చూసింది. ఆరు పిల్లలు. గులాబీ రంగు తోలు, ఎక్కడా నల్ల మచ్చ లేదు. అన్నీ తెల్లవే.

"ఎనిమిదింట్లో ఆరు బతికినాయి రాహేలమ్మా."

"నా పని?"

"నువ్వు మానేస్తానన్నా నేనొప్పుకోను."

సాయంత్రం సంగటి ఉడక్కముందే నేను తినే తట్ట పట్టుకుని పొయ్యి దగ్గర కూర్చుని, "నిజం జెప్పవ్వా, అల్లుణ్ణి ఎట్ల గుర్తుపట్టినావు?" అని అడిగితే, ఆమె తెడ్డు తిప్పడం ఆపకుండా చెప్పింది.

"పని లేనోడే మేత కాడికి ముందొస్తాడు. నీ మాదిరే."