గుప్పెడు ఉప్పు, తాగే నీళ్ళు

బట్టలుతికే పనిలో మా నాయన పడని మాట లేదు. ఆలస్యమైందని తిట్టారు, పిలిచిన వెంటనే రాలేదని తిట్టారు, కోతలప్పుడు గింజలు రెండు శేర్లు ఎక్కువ అడిగాడని తిట్టారు. అన్నీ పడ్డాడు. కానీ ఉతికిన గుడ్డను చూపించి తిట్టినవాడు మాత్రం పెనుకొండ చుట్టుపక్కల ఒక్కడూ లేడు. ఆ కొరత తీర్చడానికి హిందూపురంలో ఒక మహానుభావుడు పుట్టాడు. అతను తిట్టింది గుడ్డ మురికిగా ఉందని కాదు, శుభ్రంగా ఉందని.

మాది హిందూపురంలో ఇస్త్రీ అంగడి. నేను కొంచెం గొప్పకు పోయి బోర్డు మీద 'డ్రై క్లీనింగ్' అని రాయించాను. లోపల డ్రైగా ఉండేది ఏమీ లేదు. రెండు వాషింగ్ మిషన్లు, ఒక స్టీమ్ ఇస్త్రీ పెట్టె, ఎప్పుడూ తడిసి ఉండే గచ్చు, నేను. అంగడి వెనకే మా ఇల్లు. పెనుకొండ దగ్గర మా సొంతూళ్ళో బట్టలుతికే వంక ఎండిపోయాక, ఉతికించుకునే ఇళ్ళన్నిటికీ మిషన్లు వచ్చాక, నాయన మూట సర్దుకుని నా దగ్గరికి వచ్చేశాడు. అప్పటికే ఆయనకు డెబ్బై దాటాయి.

ఆయన్ను పని చేయనివ్వకుండా కూర్చోబెట్టడం నా పెద్దరికం అనుకున్నాను. ఆరిన బట్టలు మడిచి, చీటీలు గుచ్చి, అరల్లో పెట్టడం వరకే ఆయనకు అప్పజెప్పాను. ఆయన మాత్రం వచ్చిన ప్రతి చొక్కానూ రెండు వేళ్ళ మధ్య నలిపి చూసేవాడు. "ఇది నూలు కాదురా. నూలని చెప్పి అంటగట్టినారు పాపం," అనేవాడు. మిషన్ తిరుగుతుంటే దాని ముందు నిలబడి, "దీనికి చేతులు యాడుండాయి? గుడ్డ నొప్పి దీనికేం తెలుస్తాది?" అని అడిగేవాడు. నేను వినిపించుకోనట్టు రేడియో శబ్దం పెంచేవాణ్ణి. పాతకాలం మనిషి, ఏదో అంటాడులే అనుకునేవాణ్ణి. నాకు కంపెనీ వాడిచ్చిన మిషన్ పుస్తకం ఉంది కదా, ఇంక నాయన ఎందుకు!

ఇక మన మహానుభావుడు. ముప్పై దగ్గర పడుతున్నవాడు. బెంగళూరు కంపెనీకి ఇంట్లోంచే పనిచేస్తాడు కాబట్టి ఊళ్ళోవాళ్ళకు పాఠాలు చెప్పడానికి కావలసినంత తీరిక ఉంది. ఒకరోజు నూలు చొక్కాలు ఇస్త్రీకి తెచ్చి, తాను వేసుకున్న నీలం ప్యాంటును నాకు పరిచయం చేశాడు. నిజంగానే, పెళ్ళిచూపుల్లో పిల్లను చూపించినట్టు ఒక అడుగు వెనక్కి జరిగి మరీ చూపించాడు.

"అన్నా, దీన్ని రా డెనిమ్ అంటారు. నేసినాక ఒక్కసారి గూడా నీళ్ళల్లో ముంచని గుడ్డ. దీన్ని ఆరు నెల్లు ఉతకగూడదు."

"ఆరు నెల్లా! ఏమప్పా, ఏమన్నా మొక్కుకున్నావా?"

"మొక్కు కాదన్నా. మనం కూచునేది, నడిచేది, అంతా దీంట్లో పడతాది. యాడ మడత పడితే ఆడ రంగు పోయి గీతలొస్తాయి. ఇది నా బతుకన్నా. ఉతికితే అంతా పోతాది."

"మరి వాసనో?"

"రాత్రికి ఫ్రిజ్‌లో పెడితే పోతాది."

"మజ్జిగ యాడ పెడతారప్పా మరి?"

అతను నవ్వలేదు. ప్యాంటు ధర చెప్పాడు. నా చేతిలో ఇస్త్రీ పెట్టె ఒక్క క్షణం ఆగిపోయింది. ఆ క్షణంలోనే ఎవరిదో చొక్కా కాలరు పచ్చబడింది. దాని గురించి ఇప్పటివరకూ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. నలుగురి మురికీ ముట్టుకునేవాళ్ళని చెప్పి మా తాతను, మా నాయనను ఊళ్ళో అరుగు ఎక్కనివ్వలేదు. సాయంత్రం అన్నం కోసం గంప పట్టుకుని వాకిట్లో నిలబడితే, చెయ్యి తగలకుండా పైనుంచి వేసేవాళ్ళు. ఇప్పుడు ఒక చదువుకున్నవాడు అదే మురికిని వేలు పోసి కొన్న ప్యాంటులో ఆరు నెలలు దాచుకుని, దానికి బతుకని పేరు పెట్టాడు. ఈ మాట వినకుండానే మా తాత వెళ్ళిపోయాడు. అదృష్టవంతుడు.

ఇంత మండినా, వ్యాపారం కదా, నోరు మంచిగా పెట్టుకున్నాను. "ఎప్పుడన్నా మా అమ్మ ఈ ప్యాంటు మూటలో వేసి పంపిస్తాది. నువ్వు మాత్రం ముట్టుకోవద్దన్నా," అన్నాడతను. ముట్టుకోనని మాటిచ్చాను. ఆ సంగతి నాయన చెవిన వేయాలని నాకు తట్టలేదు. ఆయన ఉతకడు కదా, ఆయనకెందుకు చెప్పడం అనుకున్నాను. తప్పంతా ఆ ఒక్క ఆలోచనలోనే ఉంది.

నెలలు గడిచాయి. ఒక ఉదయం, పాలిష్‌కు ఇచ్చిన పట్టుచీరలు తీసుకురావడానికి ధర్మవరం వెళ్ళాను. నాయన అంగడిలో ఉన్నాడు. అదే రోజు ఆ అబ్బాయి ఆఫీసు మీటింగని బెంగళూరు వెళ్ళాడట. వాళ్ళమ్మ ఇన్నాళ్ళూ కాచుకుని కూర్చున్నది ఆ రోజు కోసమే. ప్యాంటును ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి, సంచిని చేతికి ఎడంగా పట్టుకుని వచ్చింది.

"పెద్దాయనా, ఎట్లన్నా చేసి దీన్ని ఉతుకు. వాని గదిలోకి పోలేకున్నాం. మొన్న ఫ్రిజ్‌లో పాల పక్కన పెట్టినాడు. ఆ పాలు తోడేసేదానికి గూడా నాకు మనసొప్పల్యా."

ఆ ప్యాంటు గోడకు ఆనిస్తే దానంతట అదే నిలబడిందని నా భార్య తర్వాత చెప్పింది. నాయన దాన్ని రెండు వేళ్ళతో నలిపి చూశాడట. "నా కొడుకు రానీమ్మా," అన్నాడట. "వాడు మిషన్లో వేస్తాడు, నువ్వైతే చేత్తో చేస్తావు," అందట ఆమె. ఆ ఒక్క మాటకు ఆయన లేచాడు. చేత్తో చేస్తావని ఆయనతో ఒకరు అని ఎన్నేళ్ళయిందో!

సాయంత్రం నేను చీరల మూటతో దిగేసరికి, పెరట్లో రేకుల నీడన ఆ ప్యాంటు తలకిందులుగా వేలాడుతోంది. అంచుల నుంచి ఇంకా ఒక్కో చుక్క జారుతోంది. కింద గచ్చంతా నీలం. పక్కన తాగే నీళ్ళ డ్రమ్ము సగానికి దిగి ఉంది. నాయన ముక్కాలిపీట మీద కూర్చుని, ఆ ప్యాంటును చూసుకుంటున్నాడు. ముఖంలో వెలుగు. నేను నోరు తెరిచేలోపే, బెంగళూరు నుంచి తిరిగొచ్చి వాళ్ళమ్మ నోట సంగతి విన్న ఆ అబ్బాయి అంగడిలోంచి దూసుకొచ్చాడు.

"ఏం పని చేసినావు ముసలోడా? ఎవరు ఉతకమన్నారు నిన్ను? అయిదు నెల్లు! నా అయిదు నెల్లు నీళ్ళపాలు చేసినావు గదా!" అని గొంతు చించుకున్నాడు. నా వైపు తిరిగి, "నీకు చెప్పింటి కదన్నా!" అన్నాడు.

అవును, నాకు చెప్పాడు. నేను అప్పుడు అనవలసిన మాట ఒక్కటే. మర్చిపోయాను, తప్పు నాది. మూడే ముక్కలు. ఆ మూడు ముక్కలూ మింగేసి, వాడి ముందే మా నాయన మీద విరుచుకుపడ్డాను.

"నిన్నెవరు చెయ్యి పెట్టమన్నారు నాయనా? కూచోమంటే కూచోలేవా? తాగే నీళ్ళు గూడా తీసుకపోయి దీనికి పోసినావా! నీకేం తెలుసని ముట్టుకుంటివి?"

నాయన లేచి, చేతులు తుండుకు తుడుచుకుని లోపలికి వెళ్ళాడు. ఎంత తుడిచినా చేతులు నీలంగానే ఉన్నాయి. ఆ అబ్బాయి తడి ప్యాంటును చంకలో బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పోయాడు. నేను వెనకనుంచి మూడుసార్లు సారీ చెప్పాను. నా నోటికి సారీ రాదని కాదు. ఎవరికి చెప్పాలో వాళ్ళకు మాత్రం రాలేదు.

మరుసటి రోజు నుంచి నాయన అంగడిలోకి రాలేదు. అలిగి అన్నం మానేసే మనిషి కాదు. తిన్నాడు, పడుకున్నాడు, వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. గుడ్డ మాత్రం ముట్టలేదు. తన తుండు కూడా ఉతుక్కోకుండా నా భార్యకు ఇచ్చాడు. పిల్లల యూనిఫాం మీద సిరా మరక పడితే, ఏం చేయాలని ఆమె అడిగింది. "నాకేం తెలుసమ్మా," అన్నాడు. చారులో ఉప్పు సరిపోయిందా అని అడిగినా అదే మాట. నీలం గోళ్ళతో అన్నం కలుపుకుంటూ, తల ఎత్తకుండా, నాకేం తెలుసు అనేవాడు. వింటున్న ప్రతిసారీ ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకునేది.

మూడోరోజు నా భార్య నన్ను పట్టుకుంది.

"మామ ఎట్ల ఉతికినాడో తెలుసునా నీకు? తిరగేసి, గుండీలన్నీ పెట్టి, గుప్పెడు ఉప్పేసి నానబెట్టినాడు. రంగు నిలబడతాదంట. సోపు పొడి ముట్టల్యా, కుంకుడుకాయ రసం పోసినాడు. బండకు కొట్టల్యా, పిండల్యా. బోరు నీళ్ళయితే తెల్ల చారలు పడతాయని తాగే నీళ్ళు పోసి, ఆ పొద్దంతా తను చెంబెడు నీళ్ళతో సరిపెట్టుకున్యాడు. నువ్వు ఒక్క మాట అడిగినావా?"

అడగలేదు. మా బోరు నీళ్ళల్లో నురగ కూడా సరిగా రాదు. అది నాకూ తెలుసు. ఆ నీళ్ళతోనే పన్నెండేళ్ళుగా ఊరి తెల్లచొక్కాలన్నీ పసుపు రంగుకు తెస్తున్నాను. అయినా వెళ్ళి నాయన ముందు నిలబడలేకపోయాను. రేపు చెప్తాను అనుకున్నాను. పనిలో ఉన్నాను అనుకున్నాను. కొడుకులకు ఎప్పుడూ ఏదో ఒక పని ఉంటుంది లెండి.

పన్నెండో రోజున మహానుభావుడు మళ్ళీ వచ్చాడు. కాళ్ళకు అదే ప్యాంటు. మోకాళ్ళ వెనక, తొడల మీద, మడత పడిన ప్రతిచోటా తెల్లని గీతలు స్పష్టంగా లేచి ఉన్నాయి. చుట్టూ ముదురు నీలం చెక్కు చెదరలేదు. పోయాయని అతను ఏడ్చిన అయిదు నెలలూ మురికి కింద భద్రంగా ఉన్నాయన్నమాట.

"అన్నా, ఫోటో పెడితే బెంగళూరు గ్రూపులో అందరూ అడుగుతాండారు, ఎవరు స్పెషలిస్టు అని! ఇంగ నాలుగు తెచ్చినా. ఆ తాతను పిలువన్నా రోంత," అన్నాడు.

"ఏ తాతప్పా? ఆ ముసలోడా?"

అతను తల దించుకున్నాడు. నాకు కడుపు చల్లబడింది. వాడి తప్పు వాడికి చూపించడం ఎంత సుఖంగా ఉంటుందో! మన తప్పు కాసేపు పక్కకు జరుగుతుంది.

"పిలిస్తే వచ్చేదానికి ఆయన నీ పనిమనిషి కాదు. లోపలికి రా. నువ్వే అడుగు," అని వెంటబెట్టుకుని తీసుకెళ్ళాను. నాయన పెరట్లో పీట మీద కూర్చున్నాడు. ఆ అబ్బాయి పాపం మంచివాడే. వంగి, "తాతా, తప్పయిపాయ. తెలీక నోరు జారినా," అన్నాడు. నాయన అతని కాలి దగ్గర గుడ్డను రెండు వేళ్ళతో పట్టి నలిపాడు. పన్నెండు రోజుల తర్వాత ఆ వేళ్ళు గుడ్డను ముట్టాయి.

"బాగా ఆరిందప్పా. ఎండలో ఆరేసుకోల్యా గదా? మంచిపని చేసినావు. నీదేం తప్పు ల్యా. నీకు తెలీదు, అరిచినావు. అరిచేవాళ్ళను శానామందిని చూసినాలే."

"అయితే ఈ నాలుగూ ఉతుకుతావా తాతా?"

నాయన నా వైపు చూడకుండా చెప్పాడు. "ఆడ నా కొడుకున్నాడు, వాన్ని అడుగు. అడక్కుండా చెయ్యి పెడితే వానికి కోపమొస్తాది."

అంతవరకూ పక్కవాడి చేత క్షమాపణ చెప్పించి గొప్పగా నిలబడ్డాను. "ఉతకొద్దని ఈయప్ప నాకు చెప్పినాడు నాయనా. నీకు చెప్పేది నేనే మర్చిపోయినా. తప్పు నాది. నీ మీద అరిచినా," అన్నాను.

"నాకు తెలుసులేరా."

"తెలుసా?"

"'నీకు చెప్పింటి కదన్నా' అని ఈ పిల్లోడు ఆ పొద్దే అనె గదా. నేను విన్యా. నువ్వు అప్పుడే ఈ మాట చెప్తావని చూసినా. తర్వాత గూడా, ఈ పొద్దు చెప్తాడు, రేపు చెప్తాడు అని చూస్తానే ఉంటి."

పన్నెండు రోజులు వీధిలోకి చూస్తూ కూర్చున్నాడని నేననుకున్నాను. ఆయన చూసింది నా కోసం. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆ అబ్బాయి మర్యాదగా ప్యాంట్ల సంచి వైపు చూస్తూ నిలబడ్డాడు.

కాసేపటికి నాయన పీట మీంచి లేచి, తొట్టి దగ్గరికి జరిగాడు. "సర్లే, నీళ్ళు పట్టు. ఉప్పు తీసుకరా," అన్నాడు. డ్రమ్ములోంచి తాగే నీళ్ళు తొట్టిలోకి తోడి, వంటింట్లోంచి ఉప్పు డబ్బా తెచ్చాను. పన్నెండేళ్ళు అంగడి నడిపి, బోర్డు మీద ఇంగ్లీషు రాయించుకున్నవాణ్ణి, మొదటిసారి ఆయన్ను అడిగాను.

"ఎంత వేయాల నాయనా?"

"గుప్పెడు."

డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీశాను. ఆయన నా పిడికిలి వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"నీది కాదురా, నాది," అని చెయ్యి చాపాడు. ఆయన గోళ్ళ సందుల్లో నీలం ఇంకా పోలేదు.