బాంజోకి మైదా అంటించిన రోజు

మస్కట్‌లో, అల్ ఖువైర్‌లోని మా అమ్మాయి ఇంట్లో ఉండగా నేను చేసిన ఘనకార్యం ఇది. నేను చదివింది మూడో తరగతి. వాద్యాల సంగతి నాకేం తెలుసు? అయినా చెయ్యి పెట్టాను.

మా మనవరాలికి పద్నాలుగేళ్లు. పై అంతస్తులో ఉండే ఐర్లండ్ టీచరమ్మ దగ్గర బాంజో నేర్చుకుంటోంది. డప్పుకి పొడుగాటి మెడ తగిలించి, నాలుగు తీగలు కట్టినట్టుంటుంది. వాళ్ల దేశంలో చిందులేసే పాటలు దాని మీద వాయిస్తారట. బాంజో టీచరమ్మదే, పిల్లకి వాడుకోమని ఇచ్చింది. శుక్రవారం సాయంత్రం ఆవిడ బృందంతో కలిసి పిల్ల మొదటిసారి పదిమందిలో వాయించాలి.

గురువారం పొద్దున పిల్ల బడికి వెళ్లాక దుమ్ము తుడుద్దామని తీశాను. వాయించని వేళ తీగలకి అంత బిగువెందుకు, ఊరికే పాడైపోవడం తప్ప, అనిపించింది. బిరడాలు తిప్పి నాలుగింటినీ వదులు చేశాను. తీగల కింద నిలబడ్డ చిన్న చెక్క బ్రిడ్జి టప్పున పడిపోయింది. విరగ్గొట్టాననుకున్నాను. దాన్ని ఎవరూ అంటించరనీ, తీగలు నొక్కిపెడితేనే నిలబడుతుందనీ నాకెవరు చెప్పారు? జిగురు కొనడం దండగని, చెంచాడు మైదా ఉడికించి, నాకు తోచిన చోట అంటించి, తీగలు బిగించి పెట్టేశాను.

సాయంత్రం పిల్ల శ్రుతి చేసుకుని మొదలుపెట్టింది. వేళ్లు మెడ మీద కిందికి జరిగేకొద్దీ స్వరం అపస్వరం.

"అమ్మమ్మా, దీన్ని ముట్టుకున్నావా?"

"తుడిచాను. ఏం?"

"బ్రిడ్జి జరిగిపోయింది. కింద ఈ తెల్లదేంటి?"

చెప్పాను.

"ఆవిడ బాంజోని అంటించేశావా! రేపు నేనేం వాయించాలి?" అని భోరుమంది.

"ఏడుపాపు. పాడుచేసింది నేను, చెప్పేదీ నేనే. పద," అని బాంజో ఎత్తుకుని పైకి నడిచాను. మెట్ల మీద పిల్ల నా వైపు చూడనైనా లేదు.

నేను తెలుగులో చెప్పాను, పిల్ల ఇంగ్లీషులో చెప్పింది. టీచరమ్మ గోటితో గీకి చూసి ఏదో అడిగింది.

"ఏం జిగురని అడుగుతోంది."

"మైదా అని చెప్పు."

ఆవిడ పకపకా నవ్వి, "మాఫీ ముష్కిల్!" అంది. మత్రా బజారులో కూరగాయల కొట్టువాడు పొద్దస్తమానం అనే మాటే, ఏం పరవాలేదని. పిల్ల నాకు చెప్పక్కర్లేకపోయింది.

తీగలు వదులు చేసి, తడిగుడ్డ పెట్టేసరికి బ్రిడ్జి ఊడొచ్చింది. ఆ డప్పు ముఖం తోలు కాదు, ప్లాస్టిక్; తడి తగిలినా ఏమీ కాదట. మళ్లీ నిలబెట్టి తీగలు బిగించింది. బాంజో మెడ మీది పన్నెండో మెట్టు దగ్గర తీగని ఊరికే తాకి మోగించింది, అక్కడే నొక్కి మోగించింది. రెండూ ఒకేలా పలికేదాకా బ్రిడ్జిని వెంట్రుకవాసి చొప్పున జరిపింది. కలిసిన క్షణం నాకూ తెలిసింది.

పిల్లని వాయించమంది. నాలుగు వరసలయ్యాక ఆపి, తీగలు మీటే చిన్న బిళ్ల, పిక్ అంటారు, దాన్ని పట్టుకున్న బొటనవేలు చూసింది. ఎర్రగా నొక్కుపడి ఉంది.

"ఇంత గట్టిగా పట్టుకోమన్నదెవరని అడుగుతోంది," అంది పిల్ల, నన్ను ఓరగా చూస్తూ.

"నేనే. రోజుకి నాలుగుసార్లు సోఫా కింద పడేస్తుంటే ఏమనమంటావు?"

టీచరమ్మ తన పిక్ పట్టుకుని నన్ను లాగమంది. పువ్వు తుంపినట్టు వచ్చేసింది. అంత తేలిగ్గా పట్టుకోవాలట. మోచెయ్యి కాదు, మణికట్టు ఆడాలి, తడిచెయ్యి విదిలించినట్టు. కింద, పైన, కింద. మళ్లీ కింద, పైన, కింద.

పిల్ల అలాగే వాయించింది. అంతకుముందు కటకటమన్న స్వరాలు ఒకదాని వెంట ఒకటి దొర్లుకుంటూ వచ్చాయి. టీచరమ్మ పాదం తాళం వేసింది. రేపు వాయించవచ్చంది.

వచ్చేటప్పుడు గుమ్మంలో పిల్ల వంగి చెప్పులు వెతుక్కుంటూ, "కాస్త పట్టుకో అమ్మమ్మా," అని బాంజో నా చేతికిచ్చింది. "బిరడాల జోలికి మాత్రం పోకు."

"పోనులేవే," అని రెండు చేతులా పట్టుకున్నాను.