రీలు కడిగే డబ్బా

ఆ పెద్దాయన పేరు అడగలేదు. చేవెళ్లలో బస్సెక్కి నా పక్కన కూర్చున్నాడు. ఒళ్లో నల్లటి గుండ్రటి డబ్బా, దానికో పిడి. ఏమిటని అడిగాను.

"సినిమా రీలు కడిగే డబ్బా బిడ్డా. పెండ్లిళ్లు తీసెటోన్ని. ఏ ఊర్ల తీస్తె ఆ ఊర్లనే కడుగుతుంటి."

లోపల ఇంకా ఒక రీలు ఉందట. భార్య నవ్వుతుంటే తీసింది. కడగకముందే ఆమె పోయింది. తరువాత కడగడానికి చేతులు రాలేదు. ఇన్నేళ్లకు పట్నంలో రీలు కడిగే మందు కలిపే మనిషి దొరికాడట.

"వెలుగు తగిలితె పోతది. మూత తియ్యనంత సేపు ఆమె అండ్లనే ఉన్నది."

మొయినాబాద్‌లో నీళ్ల సీసా కోసం దిగుతూ డబ్బాను నా చేతికిచ్చాడు. అంతలో డ్రైవర్ బస్సును కాస్త ముందుకు జరిపాడు. డబ్బా జారింది, మూత లేచింది. మధ్యాహ్నపు ఎండలో రీలు అంచు మెరిసింది. గబుక్కున నొక్కేశాను.

అతను వచ్చి కూర్చున్నాడు. "మూత కదల్లే గద?"

"లేదు బాపు."

పట్నంలో దాన్ని తెరిచినప్పుడు ఏం కనిపించిందో నాకు తెలియదు. నాకు ఇప్పటికీ కనిపించేది ఒకటే. అజీజ్‌నగర్ దాటాక కిటికీలోంచి ఎండ పడుతోందని, అతను భుజం మీది తువ్వాలు తీసి, డబ్బా చుట్టూ కప్పి, అంచులు లోపలికి దోపాడు.