గొర్రెను బస్సెక్కించి ఆత్మకూరు మేత మిషను దాకా

తొంభై ఆరు ఎండాకాలంలో మా ఉదయగిరి పక్క పచ్చగా మిగిలింది బస్టాండు బెంచీల రంగు ఒక్కటే. మా ఆవిడ సాకే ఇరవై గొర్రెలకు మేత అయిపోయింది. ఆదివారం వచ్చి మందనంతా కోతకు తోలుకుపోతానని ఒక బేరగాడు అన్నాడు. అంతలో ఆత్మకూరులో ఎవరో మిషను పెట్టి, కాయలు కోశాక మిగిలే వేరుశనగ కట్టె, జొన్నచొప్ప, తవుడు కలిపి పశువులకూ గొర్రెలకూ గుళికల మేత చేస్తున్నారని తెలిసింది. మా ఆవిడ మందలోకెల్లా పెంకి గొర్రెను ఏరి తాడు నా చేతికిచ్చింది. "ఇది తింటే అన్నీ తింటాయి. తినకపోతే ఆదివారం అమ్మేద్దాం. నోట్లో కుక్కి, తిన్నాదని మాత్రం చెప్పబాక" అంది. కళ్ళు మాత్రం గొర్రె మీదే ఉన్నాయి.

ఆరున్నర బస్సెక్కాం. కండక్టరు నాకు పన్నెండు రూపాయలు, గొర్రెకు ఆరు కొట్టాడు.

"దానికి సీటిస్తావా అబ్బయ్యా?"

"నీకే లేదు గదన్నా, దానికెక్కడ తెచ్చేది?"

తొమ్మిదింటికి దిగి, బస్టాండు నుంచి పది నిమిషాలు నడిస్తే రేకుల షెడ్డు. త్రీఫేసు కరెంటు పదింటికి గానీ రాలేదు. వచ్చాక చూడాలి ఆ మిషను పనితనం! ఒక పక్క చొప్పా కట్టే పిండిలా నలిగిపోతున్నాయి. దానికి తవుడు, ఉప్పు, బెల్లం మడ్డి కలిపి ఇంకో పక్క పోస్తే, మురుకుల గొట్టంలోంచి వచ్చినట్టు చిటికెన వేలంత గుళికలు వేడివేడిగా రాలాయి. చొప్పలో ఆకు తిని మొదళ్ళు వదిలేయడం గొర్రె తెలివి. ఇక్కడ ఆకూ మొదలూ ఒకే గుళికలో ఉంటాయి, ఏరుకునేందుకేమీ ఉండదు. చేసినవాడెవడో గొర్రెలతో కాపురం చేసి ఉండాలి.

మిషను నడిపే మస్తాను రెండు దోసిళ్ళు ఇచ్చి లోపలికి పోయాడు. నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఎద్దులకు గానుగ చెక్క నానబెట్టి పెట్టినవాణ్ణి. అడగకుండానే బకెట్టులో నీళ్ళు పోసి గుళికలు నానేశాను. అరగంటకు అది గంజిలా విడిపోయింది. గొర్రె వాసన చూసి, నా వైపు జాలిగా చూసి, మొహం తిప్పుకుంది. మంద పోయినట్టే అనుకుని తాడు విప్పుతుంటే మస్తాను వచ్చాడు.

"ఏందన్నా ఇది? పొద్దున్నించి నేను పొడిని గుళికలు చేస్తా ఉంటే, నువ్వు గుళికల్ని పొడి చేస్తా ఉండావా?"

"మా ఎద్దులకి చెక్క ఇట్నే పెడతాం గదప్పా."

"ఇది చెక్క కాదు. పొడిగానే నముల్తాది. నీళ్ళు యేరే తొట్లో పెట్టు."

గుప్పెడు కట్టెలో నాలుగు గుళికలు కలిపి ముందు పోశాడు. గొర్రె కట్టె కొరికింది, ఆగింది. పటుక్కుమని ఒక గుళిక నమిలింది. తర్వాత కట్టెను పక్కకు నెట్టి గుళికలే ఏరుకోసాగింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

రెండు బస్తాలు టాపు మీద వేయించి సాయంత్రానికి ఇల్లు చేరాను. మా ఆవిడ నా మాట నమ్మకుండా తనే గుప్పెడు పోసి చూసింది. మిగతా పందొమ్మిదీ తోసుకుంటూ వచ్చాయి. "బేరగాడికి కబురు పంపు, రాబాకని" అంటూ లోపలికి పోయింది. కళ్ళు తుడుచుకోడానికని నాకు తెలుసు.

పశువుల సంగతి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదనుకునేవాణ్ణి. మనం పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పని కూడా కొత్త వస్తువు ముందు ఒకసారి అడిగి చేయాలని ఆ షెడ్డులో నేర్చుకున్నాను. గుళికలు తెచ్చుకునేవారికి నేను చెప్పేది ఒక్కటే: నానబెట్టకండి. మొదటి వారం అలవాటైన మేతలో గుప్పెడు గుప్పెడుగా పొడిగానే కలిపి పెట్టండి.